రెప్పపాటులో కోటానుకోట్ల వంతు, ఏళ్ల తరబడి సాధన



ఇటీవల మన కుటుంబాలలో తరచుగా వినవస్తున్న ప్రశ్న ఒకటుంది. ఇంటి బిడ్డ రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఆపై అయిదారు సంవత్సరాలు శ్రమించి పీహెచ్‌డీ పట్టా అందుకుంటుంది. ఇంటిల్లిపాదీ అల్‌హమ్దులిల్లాహ్ అంటారు, ఇరుగుపొరుగువారికి మిఠాయి పంచుతారు. ఇక ఉద్యోగం, ఆ తరువాత నికాహ్ అని తల్లిదండ్రులు మనసులో లెక్క వేసుకుంటూ ఉండగానే, "అబ్బా! ఇంకో రెండేళ్లు పోస్ట్‌డాక్టొరల్ పరిశోధన చేయాలి" అన్న మాట వినబడుతుంది. "డాక్టరేట్ వచ్చిన తరువాత కూడా చదువేమిటి?" అని తండ్రి అడుగుతాడు. "దేనిమీద పరిశోధన?" అని మేనమామ అడుగుతాడు. "రెండు అణువులు ఢీకొన్న క్షణంలో ఏమి జరుగుతుందో చూడడం" అని జవాబు వస్తే ఇల్లంతా మౌనం ఆవరిస్తుంది. చివరకు ఆ మాట మసీదు ఇమాము గారి దగ్గరకో, మాబోటి మద్రసా ఉపాధ్యాయుల దగ్గరకో చేరుతుంది: "హజ్రత్! దీనివల్ల దీన్‌కు గాని దునియాకు గాని ప్రయోజనం ఉందా?"

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. తల్లిదండ్రుల ఆందోళనలో న్యాయం ఉంది. బిడ్డ ఆకాంక్షలోనూ న్యాయం ఉంది. ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పాలంటే, అసలు ఆ విద్య ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. తెలియని దాని గురించి తీర్పు చెప్పడం మన ధర్మం నేర్పిన పద్ధతి కాదు.

ఏమిటీ విద్య?

వంటగదిలో గ్యాస్ పొయ్యి వెలిగించినప్పుడు నీలి మంట వస్తుంది. సిలిండరులోని ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారతాయని పాఠశాల పుస్తకంలో ఒక్క పంక్తిలో రాసి ఉంటుంది. మొదట ఉన్నవి ఇవి, చివర మిగిలినవి ఇవి అని చెప్పడానికి ఆ పంక్తి చాలు. కాని ఆ మార్పు ఒక్క గెంతులో జరగదు. వందలాది చిన్న చిన్న చర్యలు గొలుసులాగా ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. మధ్యలో పుట్టి మధ్యలోనే అంతరించే అణు శకలాలు ఎన్నో ఉంటాయి. మంటకు ఆ నీలి రంగు వచ్చేదే అటువంటి క్షణభంగుర శకలాలు వెదజల్లే కాంతి వల్ల.

ఒక అణువు మరొక అణువును ఏ దిశనుంచి, ఎంత వేగంతో ఢీకొంటే పాత బంధం తెగుతుంది? కొత్త బంధం ఎప్పుడు ముడిపడుతుంది? విడుదలైన శక్తి వేగంగా మారుతుందా, గిరగిర తిరగడంగా మారుతుందా, కంపనంగా మారుతుందా? ఈ ప్రశ్నలకు జవాబులు వెదికే శాఖనే రియాక్షన్ డైనమిక్స్ అంటారు. తెలుగులో రసాయన చర్యల గమన శాస్త్రం అనుకోవచ్చు. 1889లో స్వీడన్ దేశీయుడైన అర్హీనియస్, చర్య జరగాలంటే అణువులు ఒక శక్తి అవరోధాన్ని దాటాలని సూత్రీకరించాడు. కొండకు ఇవతలి లోయ తెలుసు, అవతలి లోయ తెలుసు. శిఖరం మీద అణువు ఏ రూపంలో ఉంటుందో మాత్రం ఆ తరువాత చాలా దశాబ్దాలు ఎవరూ కళ్లారా చూడలేదు.

ఒక అతిథి పరిశోధకుడు, పది నెలలు

పోస్ట్‌డాక్టొరల్ పరిశోధన అంటే ఏమిటో చెప్పడానికి ఒక ఉదాహరణ చూద్దాం. యువాన్ లీ 1936లో తైవాన్‌లోని సించు పట్టణంలో జన్మించారు. అమెరికాలోని బర్కిలీలో 1965లో డాక్టరేట్ పొందారు. అక్కడితో చదువు ముగిసిందనుకోలేదు. 1967 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డడ్లీ హెర్ష్‌బాక్ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్టొరల్ పరిశోధకుడిగా చేరారు.

అప్పటికి ఆ ప్రయోగశాలలో రెండు అణు ధారలను శూన్యంలో అడ్డంగా ఢీకొట్టించే పద్ధతి వాడుకలో ఉంది. మామూలు గాలిలో ఒక్కొక్క అణువు సెకండుకు వందల కోట్ల సార్లు ఇతర అణువులను గుద్దుకుంటుంది. ఆ రద్దీలో ఎవరు ఎవరిని తాకి ఏమయ్యారో పోల్చుకోవడం అసాధ్యం. అందుకే పాత్రలోనుంచి గాలినంతా తోడివేసి, రెండు సన్నని ధారలను ఒకే ఒక్క చోట కలిపి, ఒక అణువు మరొక అణువును ఒకే ఒక్కసారి తాకేటట్లు చేస్తారు. అక్కడినుంచి ఎగిరిపోయిన శకలాలు ఏ కోణంలో, ఏ వేగంతో వెళ్లాయో కొలుస్తారు. బంతులాటలో బంతి ఎటు పోయిందో చూసి, దెబ్బ ఎలా తగిలిందో చెప్పడం వంటిదే ఇది.

అయితే ఆనాటి కొలత పరికరాలు సోడియం, పొటాషియం వంటి క్షార లోహాలున్న చర్యలనే పట్టగలిగేవి. మిగతా ప్రపంచమంతా వాటికి కనబడేది కాదు. ఏ అణువునైనా గుర్తుపట్టగల సార్వత్రిక యంత్రం కావాలి. లీ తన కాలంలో సగభాగాన్ని ఆ యంత్ర నిర్మాణానికే వెచ్చించారు. ఇద్దరు సహ పరిశోధకులు తోడయ్యారు. వర్క్‌షాపులో లోహాన్ని కోసి, తొలిచి, అతికి ఇచ్చిన మేస్త్రి సహాయాన్ని లీ తరువాతి కాలంలో కృతజ్ఞతతో ప్రస్తావించారు. పది నెలల్లో యంత్రం సిద్ధమైంది. 1967 చివరలో క్లోరిన్ పరమాణువు బ్రోమిన్ అణువును తాకి, ఒక బ్రోమిన్ పరమాణువును తప్పించి మరొకదానితో జతకట్టే చర్యను ఆ యంత్రం విజయవంతంగా చూపింది. 1986లో హెర్ష్‌బాక్, లీ, కెనడాకు చెందిన జాన్ పొలాన్యీ ముగ్గురికీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

గమనించండి. పట్టా ఉన్నవాడు మరొక గురువు ఇంటికి అతిథిగా వెళ్లాడు. అతడికి జీతం స్వల్పం, పదవి తాత్కాలికం. శిష్యుడూ కాదు, ఆచార్యుడూ కాదు. కాని గురువు దగ్గర ఉన్న విద్యా, తాను తెచ్చుకున్న నైపుణ్యమూ కలిసిన చోట కొత్త ద్వారం తెరుచుకుంది. పోస్ట్‌డాక్టొరల్ దశ పరమార్థం ఇదే.

నైలు తీరపు బాలుడు

రెండవ ఉదాహరణ మన మనసులకు మరింత దగ్గరది. అహ్మద్ జువైల్ 1946 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని దమన్‌హూర్‌లో జన్మించి, నైలు నది రషీద్ పాయ ఒడ్డున ఉన్న దసూఖ్ పట్టణంలో పెరిగారు. సయ్యిదీ ఇబ్రాహీమ్ మసీదుకు ప్రసిద్ధి చెందిన ఊరు అది. తండ్రి సైకిళ్లు, మోటారు సైకిళ్లు బిగించే పని చేసి, తరువాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. కొడుకు ఇంకా బడిలో ఉండగానే అతని చదువు గది తలుపుమీద ఇంటివారు "డాక్టర్ అహ్మద్" అని రాసిన పలక తగిలించారట. ఆ బాలుడు తల్లి కాఫీ కాచుకునే నూనె బర్నరును, కొన్ని గాజు గొట్టాలను తీసుకొని, చెక్క ముక్క కాలి వాయువుగా, ద్రవంగా ఎలా మారుతుందో చూడబోయాడు. ఇల్లు తగలబడకపోవడం అల్లాహ్ దయ.

1967లో అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం నుంచి అత్యున్నత శ్రేణిలో పట్టభద్రుడయ్యారు. అదే సంవత్సరం యుద్ధం జరిగి, ఈజిప్టుకూ అమెరికాకూ దౌత్య సంబంధాలు తెగిపోయాయి. అటువంటి రోజుల్లో 1969లో ఆయన ఫిలడెల్ఫియా వెళ్లి డాక్టరేట్ చేశారు. భాష సరిగా పట్టుబడలేదు, సంస్కృతి వేరు. తిరిగి వచ్చి స్వదేశంలో ఆచార్యుడు కావాలన్నది ఇంటివారి కల, ఆయన సంకల్పం కూడా. అయినా 1974లో పోస్ట్‌డాక్టొరల్ పరిశోధనకు బర్కిలీ వెళ్లారు. అక్కడ గడిపిన రెండేళ్లలో లేజర్ కాంతితో అణువుల కదలికను పట్టుకునే విద్యలో చేయి తిరిగింది. 1976లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ, అనగా కాల్‌టెక్, ఆయనను ఉపాధ్యాయుడిగా తీసుకుంది.

పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా అన్న వివాదం 19వ శతాబ్దిలో ఉండేది. కంటికి అంతుపట్టలేదు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు వరుసగా కెమెరాలు అమర్చి చిత్రాలు తీసి, వదులుతాయని చూపాడు. అణువుల విషయంలో జువైల్ చేసింది అటువంటిదే. కాని గుర్రానికి సెకండులో వెయ్యో వంతు వేగం గల కెమెరా చాలు. అణువుకు ఫెమ్టోసెకండు వేగం కావాలి.

ఫెమ్టోసెకండు అంటే?

ఒక సెకండును వేయి లక్షల కోట్ల భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం ఫెమ్టోసెకండు. ఒక సెకండు ముందు ఫెమ్టోసెకండు ఎంతో, సుమారు 3 కోట్ల 20 లక్షల సంవత్సరాల ముందు ఒక సెకండు అంత. సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పయనించే కాంతి కూడా ఒక ఫెమ్టోసెకండులో మన తలవెంట్రుక మందంలో సుమారు రెండు వందల వంతు దూరమే పోగలదు.

ఈ చివరి మాటలోనే ప్రయోగపు రహస్యం ఉంది. ఇంత చిన్న వ్యవధిని కొలిచే గడియారం ఏదీ లేదు. అందుచేత ఒకే లేజర్ స్పందనను రెండుగా చీలుస్తారు. మొదటిది సూటిగా వెళ్లి అణువును తట్టి లేపుతుంది. రెండవదాన్ని అద్దాల మీదుగా కొంచెం దూరపు దారిలో పంపుతారు. అదనంగా 3 మైక్రాన్ల దూరం నడిపిస్తే అది 10 ఫెమ్టోసెకండ్లు ఆలస్యంగా చేరి, ఆ సమయానికి అణువు ఏ స్థితిలో ఉందో పట్టి చూపుతుంది. అద్దాన్ని ఇంచుక ఇంచుక జరుపుతూ ఇదే ప్రయోగాన్ని అసంఖ్యాకంగా చేస్తే, విడివిడి చిత్రాలు కూడి చలనచిత్రమవుతుంది. కాలాన్ని దూరంతో కొలవడమన్నమాట!

1987లో జువైల్ బృందం అయోడిన్ సైనైడ్ అనే అణువును ఈ విధంగా పరిశీలించింది. అయోడిన్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం తెగడానికి పట్టిన కాలం సుమారు 200 ఫెమ్టోసెకండ్లు. తెగీ తెగని ఆ నడిమి స్థితిని, కొండ శిఖరం మీది అణువును, అప్పుడు చూడగలిగారు. ఉప్పుకు దగ్గరి బంధువైన సోడియం అయోడైడ్‌లో రెండు పరమాణువులు విడిపోబోయి, మళ్లీ దగ్గరై, మళ్లీ దూరమై, ఊయలలాగా ఊగి ఊగి చివరకు విడిపోవడాన్ని కూడా చూశారు. 1999లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమానం ఆయన ఒక్కరికే దక్కింది. విజ్ఞాన శాస్త్రంలో ఆ బహుమానం పొందిన తొలి ఈజిప్టు దేశీయుడు ఆయన. 2016 ఆగస్టు 2న అమెరికాలో పరమపదించగా, ఆయన జనాజా స్వదేశంలోనే జరిగి ఈజిప్టు మట్టిలోనే ఖననమయ్యారు. ఆయన పేరుతో వెలసిన విజ్ఞాన సాంకేతిక నగరం నేడు అక్కడి యువతకు చదువు చెబుతున్నది.

ప్రయోజనం ఏమిటి?

ఇప్పుడు మేనమామ ప్రశ్నకు వద్దాం. ఈ పంక్తులు మీరు చదువుతున్నది ఎలా? కాంతి మీ కంటి వెనుక పొరమీద పడుతున్నది. అక్కడ విటమిన్ ఏ నుంచి తయారైన రెటినాల్ అనే వంకర అణువు ఉంటుంది. కాంతి తాకగానే అది మెలి తిరిగి నిటారుగా అవుతుంది. చూపు అనే మహానుగ్రహానికి తొలి మెట్టు అదే. ఆ మెలి తిరగడానికి సుమారు 200 ఫెమ్టోసెకండ్లు చాలునని 1991లో బర్కిలీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆకులో కాంతి ఆహారంగా మారే క్రమమూ, ఆకాశంలో ఓజోను పొర చిరిగే క్రమమూ, వాహన యంత్రంలో ఇంధనం మండే క్రమమూ ఈ శాస్త్రం సహాయంతోనే విప్పి చూడవలసినవి. ఫెమ్టోసెకండు లేజర్లు నేడు కంటి ఆసుపత్రులలో కత్తికి బదులుగా పనిచేస్తున్నాయి. మొదట ఆ లేజర్లను తయారు చేసినవారిలో ఎందరు కళ్లద్దాలు తీసివేసే శస్త్రచికిత్సను ఊహించి ఉంటారు? విత్తనం నాటినవాడు నీడను లెక్కపెట్టడు.

కాని ప్రయోజనం అంటే ఆసుపత్రి, యంత్రం మాత్రమే అనుకోవడం కూడా సంకుచితమే. సృష్టిని పరిశీలించమని, ఆలోచించమని దివ్యఖుర్ఆన్ పదే పదే ప్రేరేపించింది. ఆ పిలుపు వట్టి ఆశ్చర్యపోవడానికి కాదు. బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఏడు సంపుటాల 'కితాబుల్ మనాజిర్' రచించి, చూపు కంటినుంచి వెలువడే కిరణం కాదని, వస్తువునుంచి కాంతి కంటికి చేరడమేనని చీకటి గదిలో ప్రయోగాలతో సహా వాదించారు. వెయ్యేళ్ల కిందట కంటి గుమ్మం వరకు వచ్చిన ఆ పరిశీలనే నేడు కంటిలోని ఒక్క అణువు మెలి దగ్గరకు చేరింది.

ఒక హెచ్చరిక

ఈ సందర్భంలో ధార్మిక విద్య చదివినవాడిగా ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. ఏదైనా ఆవిష్కరణ వార్త రాగానే, "ఇది మన ఖుర్ఆన్‌లో ముందే ఉంది" అని ప్రచారం చేసే అలవాటు మనలో పెరిగింది. అల్ ఖమర్ సూరాలో దైవాజ్ఞను కనురెప్పపాటుతో పోల్చిన ప్రస్తావన ఉంది గనుక ఫెమ్టోసెకండు అందులో ఉందంటారు. జిల్‌జాల్ సూరాలో 'జర్రా' అన్న పదం ఉంది గనుక పరమాణు శాస్త్రం అందులో ఉందంటారు. అరబ్బీ నిఘంటువులు తెరిచి చూస్తే జర్రా అంటే చిన్న చీమ అని, ఎండపొడలో తేలాడే ధూళి కణమని అర్థాలు కనిపిస్తాయి. ఆధునిక కాలంలో పరమాణువుకు పేరు కావలసి వచ్చినప్పుడు అరబ్బులు ఆ పాత పదాన్ని తీసుకున్నారు. తరువాత పుట్టిన అర్థాన్ని ముందటి గ్రంథానికి అంటగట్టడం తఫ్సీర్ నియమాలకు విరుద్ధం.

దీనిలో ప్రమాదం కూడా ఉంది. శాస్త్ర సిద్ధాంతం రేపు సవరణకు లోనవుతుంది. దైవవాక్కు సవరణకు లోనుకాదు. మారేదానికి మారనిదాన్ని ముడివేస్తే, సిద్ధాంతం జారినప్పుడు మన పిల్లల విశ్వాసం కూడా జారుతుంది. పైగా ప్రయోగశాలలో ఒక్క రాత్రి కూడా మేలుకోకుండా, మేలుకొన్నవారి ఫలితాన్ని మనదని చెప్పుకోవడం గౌరవం కాదు. ఆ సూరా చెప్పేది లెక్క గురించి. రవ్వంత మంచి, రవ్వంత చెడు కూడా ఆనాడు ఎదుట నిలుస్తుందన్నది దాని సందేశం. రెప్పపాటులో కోటానుకోట్ల ఘట్టాలు ఇమిడి ఉన్నాయని తెలిసిన మనిషి, గంటల తరబడి కాలాన్ని వృథా చేసినందుకు ఏమి జవాబు చెబుతాడు? ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో అనేకులు నష్టపోతున్నారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఖుర్ఆన్‌కూ ఈ విద్యకూ మధ్య వెదకవలసిన సంబంధం ఇటువంటిది.

పట్టా తరువాతి చదువు మనకు కొత్తదా?

"డాక్టరేట్ వచ్చాక మళ్లీ చదువేమిటి" అన్న తండ్రికి మన సంప్రదాయం నుంచే జవాబు దొరుకుతుంది. మద్రసాలో ఆలిమ్ పట్టా పొందిన విద్యార్థికి తలపాగా చుట్టి పంపుతాము. కాని అతడు ఫత్వా ఇవ్వదలిస్తే అది చాలదు. తఖస్సుస్ పేరుతో మరికొన్ని సంవత్సరాలు అనుభవజ్ఞుడైన ముఫ్తీ సన్నిధిలో కూర్చొని, రాసిన ప్రతి జవాబును దిద్దించుకోవాలి. పుస్తకం చదవడం వేరు, చేయి పట్టించి నేర్పడం వేరు. పోస్ట్‌డాక్టొరల్ కాలం అటువంటి తఖస్సుసే.

హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసును హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) నోట వినడానికి నెల రోజుల ప్రయాణం చేశారు. అంతకన్నా గొప్ప నిదర్శనం కహఫ్ సూరాలో ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) అప్పటికే మహా ప్రవక్త. అయినా తన వద్ద లేని జ్ఞానం మరొకరి వద్ద ఉందని తెలిసి, సుదీర్ఘ ప్రయాణం చేసి, శిష్యుడిలా వెంట నడవడానికి అనుమతి కోరారు. ఆయనకు పెట్టిన షరతు డబ్బు కాదు, వంశం కాదు, సహనం.

ఆ సహనమే ఈ పరిశోధకుల రోజువారీ ఆహారం. శూన్య పాత్రలో ఎక్కడో కంటికానని రంధ్రం ఉండి గాలి దూరుతూ ఉంటుంది. దాన్ని వెదకడానికే వారాలు గడుస్తాయి. లేజర్ కిరణం దారి తప్పితే అద్దాలన్నీ మొదటినుంచి సరిచూడాలి. నెలల శ్రమ తరువాత వచ్చిన సంకేతం నిజమైనదా, యంత్రపు గోలా అన్న సందేహం తీరాలి. ఇక్కడే అమానత్ పరీక్ష ఎదురవుతుంది. గడువు ముంచుకొస్తుంది, ప్రచురణ లేకుంటే తదుపరి అవకాశం రాదు. తనకు నచ్చని నాలుగు కొలతలను మెల్లగా పక్కకు తోసివేస్తే గీత చక్కగా వస్తుంది. చూసేవారెవరూ లేరు. మన ముహద్దిసులు ఒక్క ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తిలో లోపం కనబడినా, అతడెంత పుణ్యాత్ముడైనా, ఆ ఉల్లేఖనాన్ని బలహీనమని రాశారు. ప్రయోగశాల నోటు పుస్తకం కూడా ఒక విధమైన సనద్. తేదీ, కొలత, లోపం అన్నీ ఉన్నవి ఉన్నట్లు రాసినవాడే నమ్మదగిన ఉల్లేఖకుడు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో వైద్యం, గణితం వంటి విద్యలను ఫర్జె కిఫాయాగా లెక్కించారు. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యుడే కరువై ఉండగా, అందరూ వాదోపవాదాల ఫిఖ్హ్ వైపే పరుగెడుతున్నారని ఆవేదన చెందారు. సమాజంలో కొందరైనా ఆ బాధ్యత నెత్తికెత్తుకోకపోతే అందరూ దోషులే. ఆ కొందరిలో మీ బిడ్డ ఒకరైతే, అది మీ ఇంటికి భారమా, గౌరవమా? మీరే ఆలోచించండి.

తల్లిదండ్రులకు, పిల్లలకు

అయితే వెలుగు మాత్రమే చూపి చీకటిని దాచడం న్యాయం కాదు. పోస్ట్‌డాక్టొరల్ నియామకం సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ముగిసే ఒప్పందం. ఆ తరువాత శాశ్వత ఆచార్య పదవి అందరికీ దక్కదు. ఒక దేశం నుంచి మరొక దేశానికి మారుతూ ముప్పై అయిదేళ్లు వచ్చినవారు ఉన్నారు. నోబెల్ పొందిన ఇద్దరి కథ చెప్పి, పేరు రాని వేలమందిని మరచిపోరాదు.

అందుచేత తల్లిదండ్రులు "వద్దు" అనకుండా, వివరంగా అడగాలి. ఒప్పందం ఎంతకాలం? వేతనం జీవనానికి సరిపోతుందా? ఆ ఆచార్యుని వద్ద ఇదివరకు పనిచేసినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? శక్తిమంతమైన లేజర్ క్షణంలో కంటిచూపును పోగొట్టగలదు. రక్షణ నియమాలు కచ్చితంగా పాటిస్తారా? దూరదేశమే వెళ్లాలన్న నియమం కూడా లేదు. ఫెమ్టోసెకండు లేజర్లతో పరిశోధన మన హైదరాబాదులోనూ సాగుతున్నది. పరిశోధన ముగిసేదాకా నికాహ్ ఆగాలన్న నియమమూ లేదు. చదువును గౌరవించే సంబంధాన్ని ముందునుంచే వెదకండి. అమ్మాయి విషయంలో "ఇంత చదివితే వరుడు దొరకడు" అన్న మాటను దయచేసి ఇంట్లో అనకండి. 2023లో భౌతిక శాస్త్ర నోబెల్ పంచుకున్న ఆన్ లుయిలియే, ఫెమ్టోసెకండులో వెయ్యో వంతైన అట్టోసెకండు కాంతి స్పందనలపై కృషి చేసిన మహిళ. ఆ వార్త వచ్చిన ఉదయం ఆమె తరగతిలో పాఠం చెబుతున్నారు. మళ్లీ వెళ్లి ఆ పాఠం పూర్తిచేశారు. ఉపాధ్యాయులమైన మాకు ఆ సంగతి ఎంతో నచ్చింది.

ఇక పిల్లలారా! మీకూ కొన్ని మాటలు. వృద్ధులైన తల్లిదండ్రులకు మీ సేవ తప్ప మరొక ఆధారం లేకపోతే, ముందు దానికి ఏర్పాటు చేయండి. వారిని ఒప్పించి, వారి దుఆతో బయలుదేరండి. మీ పని ఏమిటో వారికి అర్థమయ్యే భాషలో చెప్పండి. పొయ్యి మంట చూపి చెప్పినా చాలు, అమ్మీకి అర్థమవుతుంది. అర్థమైన తల్లి ఎదురుచూడగలదు. ప్రయోగం గంటల తరబడి సాగేటప్పుడు నమాజు వేళలను ముందే లెక్కలో పెట్టుకొని, తోటివారితో వంతులు ఏర్పరచుకోండి. అద్దాన్ని మైక్రాన్ల లెక్కన జరపగలిగినవారికి పది నిమిషాల ఏర్పాటు కష్టం కాదు. అన్నిటికన్నా ముందు నియ్యత్‌ను సరిచేసుకోండి. బహుమానం కోసమో, పేరు కోసమో చేస్తే అది రాకపోయిన రోజున చేతిలో ఏమీ మిగలదు. సృష్టికర్త పనితనంలో ఒక్క రవ్వను సత్యంగా తెలుసుకోవాలని, తెలుసుకున్నదాన్ని ఆయన దాసుల మేలుకు అప్పగించాలని చేస్తే, ఫలితం వచ్చినా రాకపోయినా ఇన్షాఅల్లాహ్ ప్రతిఫలం ఉంటుంది.

ప్రయోజనకరమైన జ్ఞానాన్ని మన పిల్లలకు ప్రసాదించమని, ప్రయోజనం లేని జ్ఞానం నుంచి వారిని కాపాడమని, వారికోసం ఎదురుచూసే తల్లిదండ్రుల హృదయాలకు సహనాన్ని, కళ్లకు చల్లదనాన్ని అనుగ్రహించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.